సగం బొమ్మకూ ఒక గోడ ఇవ్వండి

సంపాదకులకు,

ఊరుమ్మడి కళాకేంద్రాల్లో మనం చూసేవన్నీ దాదాపు పూర్తయిన బొమ్మలే. ఫ్రేము కట్టి, పేరు అతికించి, రిబ్బన్ కత్తిరించాకే జనాన్ని లోపలికి రానిస్తారు. కొన్నిచోట్ల మాత్రం చిత్రకారులు ఇంకా చేతిలో ఉన్న పనినే తెచ్చి చూపిస్తున్నారు. ప్రజల సొమ్ముతో నడిచే ప్రతి కేంద్రమూ ఇలాంటి పనికి ఏడాది పొడవునా ఒక గోడ వదలాలని నా విన్నపం.

పూర్తికానిది చూపించడమేమిటని కొందరు కొట్టిపారేస్తారు. ఇదేమీ నిన్నా మొన్నా పుట్టిన పద్ధతి కాదు. 1501 ప్రాంతంలో ఫ్లోరెన్స్‌లో లియొనార్డో డావిన్చి గీసిన, ఇంకా రంగైనా పడని ఒక నమూనా చిత్రం కోసం జనం రెండు రోజులు తిరునాళ్లకు పోయినట్టు పోయారని చిత్రకారుల జీవితచరిత్రలు రాసిన వసారి పేర్కొన్నాడు. 1940లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ఎక్స్‌పోజిషన్‌లో మెక్సికో చిత్రకారుడు డియెగో రివేరా ఒక భారీ కుడ్యచిత్రాన్ని సందర్శకులు చూస్తుండగానే వేశాడు. 1937లో పికాసో తన యుద్ధ వ్యతిరేక చిత్రం 'గెర్నికా' వేస్తున్నప్పుడు ఫొటోగ్రాఫర్ డోరా మార్ దశలవారీగా ఫొటోలు తీసింది కాబట్టే, మొదట్లో పైకి లేచిన ఒక పిడికిలి ఉండేదనీ, తర్వాత దాన్ని ఆయన తీసేశాడనీ ఈరోజు మనకు తెలుసు.

పూర్తయిన బొమ్మ ముందు 'బాగుంది' అనేసి పక్కకు జరిగిపోతాం. సగం బొమ్మ అలా పోనివ్వదు. చెరిపినా పోని బొగ్గు గీత, అంచున రంగు సరిచూసుకున్న మచ్చలు, మూలన పెన్సిల్‌తో రాసుకున్న 'ఇక్కడ నీలం తగ్గించాలి' అన్న మాట కనిపిస్తుంటే ఎవరికైనా ఏదో ఒకటి అడగాలనిపిస్తుంది. బొమ్మలంటే తమకేం తెలుసులే అనుకునేవాళ్లు కూడా అక్కడ ధైర్యంగా నోరు విప్పుతారు.

అయితే గోడ ఇచ్చి చేతులు దులుపుకుంటే చాలదు. ముందుగా ఫోన్ల సంగతి చూడాలి. ఈరోజు ఎవరో తీసిన ఫొటో రేపటికల్లా పది గ్రూపుల్లో తిరుగుతుంది. చిత్రకారుడు మర్నాడు చెరిపేద్దామనుకున్న ముఖమే 'ఆయన కొత్త బొమ్మ' అయి కూర్చుంటుంది. ఆ టెన్షన్ ఉంటే ఎవరు మాత్రం తడబాట్లు బయటపెడతారు? అనుమతి లేనిదే ఫొటో తీయొద్దని గుమ్మం దగ్గరే బోర్డు పెట్టాలి. సలహాలు కూడా ఆయన అడిగాక ఇస్తే మంచిది (అడక్కుండా ఇచ్చేవాళ్లకు ఎక్కడా కరువు లేదు). వచ్చినవాళ్లతో గంటల తరబడి మాట్లాడటం కూడా పనే కనుక దానికి డబ్బు చెల్లించాలి. గోడ ఉచితంగా ఇచ్చాం కదా అంటే కుదరదు.

తలుపు వేసుకుని పని చేసుకునేవాళ్లను మాత్రం బలవంతపెట్టొద్దు. సగం పని చూపిస్తేనే ఆర్థిక సాయం అనే షరతు అసలే వద్దు. వచ్చే ఏడాది ప్రదర్శనల పట్టిక వేసేటప్పుడే ఆ గోడకూ, చిత్రకారుడికిచ్చే రుసుముకూ బడ్జెట్‌లో చోటు చూడమని కళాకేంద్రాల నిర్వాహకులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు