గేటు దగ్గరే ఆగిపోయిన చక్రాల కుర్చీ

సంపాదకుడు గారికి,
నమస్కారం.

విశాఖ ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి నుంచి సబ్‌మెరైన్ మ్యూజియం దాకా రోజూ సాయంత్రం నడిచేది మా అమ్మ. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడికాలు పడిపోయింది. అప్పటినుంచీ చక్రాల కుర్చీయే. పోయిన నెల, కాస్త గాలి మారుతుందని మా ఇంటి దగ్గర్లోని పార్కుకు తీసుకెళ్లాను. బైకులు లోపలికి రాకుండా దారికి అడ్డంగా ఇనుప గొట్టాలు పాతి ఉన్నాయి. మామూలు మనిషైనా పక్కకు తిరిగి దూరాల్సిందే. కుర్చీ పట్టలేదు. పక్కనే పెద్ద గేటుంది, దానికి తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందో కాపలా అతనికీ తెలియదు. పావుగంట నిలబడ్డాక అమ్మ, "పోనీలేవే, ఇంటికెళ్దాం పద. అందరూ మననే చూస్తున్నారు" అంది. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా బయటికి రానంటోంది.

కాపలా అతన్ని నేనేమీ అనను. గొట్టాలు పాతించినవాళ్లూ మా అమ్మ మీద కోపంతో పాతించి ఉండరు. వాళ్లకు బైకులు గుర్తొచ్చాయి, కుర్చీ గుర్తురాలేదు. అమ్మకు మాత్రం ఆ పార్కు మూసేసినట్టే.

ఆ రోజునుంచీ ఊళ్లో ఎక్కడికెళ్లినా నా చూపు నేలమీదే ఉంటోంది. అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల వాలు ఉండాలన్నది ర్యాంపుకు లెక్క. మూడడుగుల్లో ముగించేస్తే దానిమీద కుర్చీ నెట్టలేం, దింపేటప్పుడు ఇంకా భయం. ర్యాంపు సరిగ్గా ఉన్నచోట దాని ముందే స్కూటర్లు పెడతారు.

కుర్చీవాళ్ల సంగతే కాదు. మా వీధికి చేపలు తెచ్చే ఆవిడ జాలరిపేట నుంచి తట్ట నెత్తిన పెట్టుకుని వస్తుంది. ఎండవేళ కాసేపు పార్కులో కూర్చోకూడదా అని అడిగితే, "తట్టతోటి లోపలికెళ్లనిస్తారేటమ్మా?" అంది. మరుగుదొడ్డి కోసం ఇంటికెళ్లేదాకా ఆగుతుందట, అందుకే నీళ్లు కూడా తాగదట. ఈ మాట విన్నాక చాలా బాధనిపించింది. ఇన్నేళ్లుగా ఆవిడ దగ్గర చేపలు కొంటున్నాను, ఒక్కసారీ అడగలేదు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి కూలిపనికి వచ్చినవాళ్లు నడుం వాల్చకుండా కొన్నిచోట్ల బెంచీల మీద మధ్యమధ్యలో ఇనుప కమ్మీలు కూడా బిగిస్తున్నారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను మన చెట్లను కూల్చేసింది. వాటి బదులు నాటిన అలంకారపు మొక్కల కింద ఎవరు కూర్చోగలరు?

చట్టం లేక కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, ప్రజలు వాడే పాత భవనాలను కూడా నిబంధనలు వచ్చిన ఐదేళ్లలోగా అందరికీ అందుబాటులోకి తేవాలంది. నిబంధనలు 2017లో వచ్చాయి. ఇలాంటి ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదని, తప్పనిసరి చేయాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మన ఋషికొండ బీచికి 2020లో వచ్చిన బ్లూ ఫ్లాగ్ (శుభ్రంగా, భద్రంగా ఉండే బీచిలకు ఇచ్చే విదేశీ గుర్తింపు) కొలమానాల్లోనూ దివ్యాంగులకు దారి అన్న అంశం ఉంది. విదేశీ గుర్తింపు కోసం పట్టించుకునే విషయాన్ని కాలనీ పార్కులో పట్టించుకోలేమా?

నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. పార్కు గానీ ఫుట్‌పాత్ గానీ కట్టాక, కాంట్రాక్టరు బిల్లు మీద సంతకం పెట్టేముందు, ఒక చక్రాల కుర్చీని, నెత్తిన తట్ట ఉన్న ఒక మనిషిని, చూపులేని ఒకరిని ఆ దారిలో ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లి రమ్మనండి. వాళ్లు ఎక్కడ ఆగితే అక్కడ సరిచేయించండి. గొట్టాల మధ్య ఒక్కచోట మూడడుగుల సందు వదలండి, పెద్ద గేటు తాళంచెవి కాపలా అతని దగ్గరే ఉంచండి. కుర్చీ లేదంటే మాది తెస్తాను. వస్తుందో రాదో గానీ, అమ్మను కూడా అడిగి చూస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం