‘బాగుంది’ దగ్గరే ఆగిపోవద్దు

సంపాదకులకు నమస్కారం.

ఉద్యోగానికి పోర్ట్‌ఫోలియో, అంటే మనం చేసిన పనుల నమూనాల ఫైలు, ఎలా తయారుచేసుకోవాలో మీ కెరీర్ పేజీలో రాశారు. ఎన్ని ప్రాజెక్టులు పెట్టాలి, ఏ వరసలో పెట్టాలి, అన్నీ వివరంగా ఉన్నాయి. చివర్లో మాత్రం ‘పంపే ముందు నలుగురికి చూపించి అభిప్రాయం తీసుకోండి’ అని ఒక్క వాక్యంతో సరిపెట్టారు. అసలు కష్టమంతా అక్కడే ఉందండీ.

నేను మొబైల్ యాప్‌లకు స్క్రీన్లు డిజైన్ చేస్తాను. మా రంగంలో ఉద్యోగం మారాలన్నా, సొంతంగా ప్రాజెక్టులు తెచ్చుకోవాలన్నా చేసిన పనే చూపించాలి. తెలిసినవాళ్లకు పంపితే ‘సూపర్’ అనో ‘చాలా బాగుంది’ అనో జవాబు వస్తుంది. అదే ఫైలు కంపెనీలకు పంపితే జవాబే ఉండదు. మెచ్చుకున్నవాళ్లూ కారణం చెప్పరు, వద్దనుకున్నవాళ్లూ చెప్పరు. ఇక దేన్ని సరిదిద్దుకోవాలి? ఆ టెన్షన్ పడినవాళ్లకే తెలుస్తుంది.

చూసినవాళ్లను తప్పుపట్టడం లేదు. యథార్థవాది లోకవిరోధి అన్న భయం ఎవరికైనా ఉంటుంది. చెడు కబురు చెప్పాల్సి వస్తే, అందులో తమ ప్రమేయం ఏమీ లేకపోయినా, మనుషులు వెనకాడతారని సిడ్నీ రోజెన్, అబ్రహం టెసర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1970లోనే ప్రయోగాలతో చూపించారు. కాబట్టి ముందు అడిగేవాళ్లే పద్ధతి మార్చుకోవాలి. ‘ఎలా ఉంది?’ అని అడిగితే ఎదుటివాళ్లు మొహమాటానికి ‘బాగుంది’ అనక ఏమంటారు?

నేను ఇప్పుడు ఇలా అడుగుతున్నాను: ‘వీటిలో ఒకటి తీసెయ్యాల్సి వస్తే ఏది తీసేస్తారు?’ ఒక సీనియర్ ఆవిడ అన్నీ చూసి, ‘మూడోది. అందులో నువ్వు చేసిందేదో, మీ టీమ్ చేసిందేదో నాకు తెలియలేదు’ అన్నారు. బాగుందో లేదో తేల్చమంటే ఆ మాట వచ్చేది కాదు. ఒకదాన్ని ఎంచుకోమన్నాం కాబట్టి చెప్పడం ఆవిడకూ సులువైంది. కొన్నిసార్లు అసలు అభిప్రాయమే అడగను. ఫోన్ చేతికిచ్చి, ‘ఇందులో పాస్‌వర్డ్ మార్చండి’ అని చెప్పి మాట్లాడకుండా కూర్చుంటాను. వేలు ఎక్కడ తడబడుతోందో, వెనక్కి వచ్చి మళ్లీ ఏ బటన్ వెతుకుతోందో కళ్లారా కనిపిస్తుంది. అక్కడ మొహమాటానికి చోటే లేదు.

చెప్పేవాళ్లకూ ఒక మనవి. నిజం చెప్పడమంటే మనిషిని చిన్నబుచ్చడం కాదు. అవ్రహామ్ క్లూగర్, ఏంజెలో డెనీసీ అనే పరిశోధకులు 1996లో ఫీడ్‌బ్యాక్ మీద అప్పటిదాకా జరిగిన ఎన్నో పరిశోధనలను కలిపి లెక్కగడితే, సగటున ఫీడ్‌బ్యాక్ మేలే చేసినా, మూడో వంతుకు పైగా సందర్భాల్లో పనితీరు ఇంకా దిగజారిందని తేలింది. దృష్టి పని మీద నుంచి మనిషి మీదకు మళ్లేకొద్దీ దానివల్ల ఉపయోగం తగ్గుతుందని కూడా వాళ్లు అన్నారు. ‘నీకు కలర్ సెన్స్ లేదు’ అంటే విన్నవాడు ఏం చేయగలడు? ‘తెల్లటి స్క్రీన్ మీద ఈ లేత బూడిద అక్షరాలు చదవలేకపోతున్నాను’ అంటే వెంటనే సరిచూసుకోవచ్చు. మామూలు సైజు అక్షరాలకు, వాటి వెనకున్న రంగుకు మధ్య కాంట్రాస్ట్, అంటే వెలుగులో తేడా, కనీసం 4.5:1 ఉండాలని వెబ్ ప్రమాణాలే చెబుతున్నాయి.

కంపెనీల తీరు మాత్రం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. దరఖాస్తు చేసిన ప్రతివాళ్లకూ జవాబు రాయమనడం లేదు. కానీ ఎంపిక కోసమని టాస్క్ ఇచ్చి, రోజుల తరబడి పని చేయించుకున్నాక, ఎందుకు వద్దన్నారో ఒక్క లైను రాయడానికి ఎంతసేపు పడుతుంది?

మీ పత్రికకు నాదొక విన్నపం. కెరీర్ పేజీలో వారానికి ఒక పాఠకుడి పనిని, అది డిజైన్ కావచ్చు, అనువాదం కావచ్చు, ఫొటో కావచ్చు, ఆ రంగంలో అనుభవం ఉన్నవాళ్లకు చూపించి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు అచ్చువేయండి. ఎవరి పనో తెలియకపోతే చెప్పేవాళ్లు నిస్సంకోచంగా చెబుతారు కాబట్టి పేరు తీసేసి ఇవ్వండి. మీరు సరేనంటే మొదటి వారానికి నా స్క్రీన్లు పంపుతాను.

– ఒక యాప్ డిజైనర్