ఆదివారం కలుద్దాం: ఈసారి తెలుగు పేజీల గురించి

అందరికీ నమస్కారం. ఈ ఆదివారం ఉదయం 10 గంటలకు అనంతపురం క్లాక్ టవర్ దగ్గర కలుద్దాం. ఇలాంటి మీటప్‌ల కోసం ప్రతిసారీ బెంగళూరు పోవాల్సిన పని లేదు, డిజైనర్లు, డెవలపర్లు ఇక్కడే ఇంతమందిమి ఉన్నాం.

ఈసారి తెలుగు వెబ్‌సైట్ల మీదే మాట్లాడుకుందాం. ఇంగ్లీషుకు సరిపోయిన లైన్ హైట్ (ఒక లైనుకూ మరో లైనుకూ మధ్య దూరం) తెలుగుకు చాలదు. వత్తులు కిందకి దిగి, కింది లైనులో అక్షరాల పైనుండే గుళ్లకు తగులుతాయి. పెద్దవాళ్లకు చదవడం మరీ కష్టం. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే మండలి ఫాంట్ పేరాలకు, రామభద్ర ఫాంట్ హెడ్డింగులకు బాగుంటాయి. ఫోన్‌లో పెట్టి చూద్దాం.

మీరు చేసిన పేజీ ఒకటి, సగంలో ఉన్నా సరే, తీసుకురండి. కాలేజీ పిల్లలు మొహమాటపడొద్దు, మీ ప్రశ్నలే మాకు కావాలి. ధర్మవరం, హిందూపురం నుంచి వచ్చేవాళ్లు శనివారం లోపు చెప్పండి, మీ కోసం ఆగుతాం.