జట్టుకు ఊరి పేరు పెట్టుకున్నవాళ్ళు ఊరికి మాట కూడా ఇవ్వాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. హైదరాబాద్ ఎఫ్‌సీ ఫుట్‌బాల్ జట్టు ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారిందన్న వార్త 2025 అక్టోబరు మొదట్లో మీ క్రీడల పేజీలో ఒక మూలన వచ్చింది. దాని మీద ఎవరైనా రాస్తారని, నాయకుల్లో ఒక్కరైనా మాట్లాడతారని ఇన్నాళ్ళూ ఎదురుచూశాను. దీపావళి కూడా వెళ్ళిపోయింది. నా కంటికి ఒక్క ఉత్తరమూ కనబడలేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

నేను విశాఖపట్నంలో వ్యాయామోపాధ్యాయుణ్ణి. హైదరాబాద్ జట్టు పోతే విశాఖవాడికి ఏం బాధ అని అడిగేవాళ్ళుంటారు. ఆ దెబ్బ మాకు ముందే తగిలింది. 2020లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య దేశంలో రెండో అంచె పోటీ అయిన ఐ-లీగ్‌లోకి కొత్త క్లబ్బుల కోసం బిడ్లు పిలిచింది. విశాఖపట్నం పేరు మీద శ్రీనిధి సంస్థ వేసిన బిడ్‌ను ఆ ఆగస్టులో ఆమోదించారు. 2021-22 సీజన్ నుంచి ఆడాలి. ఆ వార్త తెలియగానే మా పిల్లలు "సార్, మన టీమేనా? సెలక్షన్స్ ఎప్పుడు?" అని నా ప్రాణం తీశారు. తీరా జట్టు వచ్చేసరికి దాని పేరు శ్రీనిధి దక్కన్. సొంతగడ్డ హైదరాబాద్ శివార్లలోని డెక్కన్ ఎరీనా. విశాఖ పేరు ఎటు పోయిందో మాకు చెప్పినవాళ్ళు లేరు, అడిగిన పెద్దమనుషులూ లేరు.

ఆ కంపెనీని నేను తిట్టడం లేదు. మైదానం ఉన్న చోటే జట్టు ఆడుతుంది. రెండో అంచె లీగ్‌లో జట్టు నడపడం లాభం వచ్చే పని కాదు. ఆటగాళ్ళ జీతాలు, కోచ్, ఫిజియో, కశ్మీర్ నుంచి గోవా దాకా విమానం టిక్కెట్లు, హోటళ్ళు, ఇవన్నీ పెట్టుకుని ఆడినా టీవీవాళ్ళు పట్టించుకోరు. అయినా ఆ జట్టు 2022-23లో రెండో స్థానం, 2023-24లో మళ్ళీ రెండో స్థానం తెచ్చుకుంది. 2023 ఏప్రిల్‌లో సూపర్ కప్‌లో కేరళ బ్లాస్టర్స్‌ను వాళ్ళ రాష్ట్రంలోనే, కోళిక్కోడ్‌లో 2-0తో ఓడించింది. అది తెలుగువాళ్ళ జట్టు గెలుపు. మన ఊళ్ళో ఎంతమందికి తెలుసు? మొదటి స్థానం వచ్చినవాళ్ళకు మాత్రమే పై లీగ్‌లోకి, అంటే ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లోకి దారి. ఒకసారి రౌండ్‌గ్లాస్ పంజాబ్, ఇంకోసారి మహమ్మదన్ స్పోర్టింగ్ ఆ దారిన వెళ్ళిపోయాయి. మనవాళ్ళు ఒక్క మెట్టు దూరంలో ఆగిపోయారు.

కేరళలో గోకులం అనే చిట్‌ఫండ్ కంపెనీ జట్టు ఎలా నడిచిందో చూడండి. 2020-21, 2021-22లో వరసగా రెండుసార్లు ఐ-లీగ్ గెలిచింది. అప్పటికి పైకి వెళ్ళే తలుపే తెరవలేదు, అది వేరే అన్యాయం. అదే కంపెనీ ఆడపిల్లల జట్టు కూడా పెట్టి జాతీయ మహిళల లీగ్‌ను మూడుసార్లు గెలిపించింది. కోళిక్కోడ్‌లో కార్పొరేషన్ స్టేడియం ఉంది, జనం వస్తారు, జట్టు ఆ ఊరిని అంటిపెట్టుకుని ఉంది. కంపెనీ డబ్బు, ఊరి మైదానం, ఊరి జనం, ఈ మూడూ కలిస్తేనే చిన్న లీగ్ జట్టు నిలబడుతుంది.

మళ్ళీ హైదరాబాద్ సంగతికి వస్తాను. ఆ జట్టు 2019లో పుణె జట్టు మూతపడితే దాని స్థానంలో పుట్టింది. పుణె అభిమానుల గోడు అప్పుడు మనకు పట్టలేదు. మనకొక జట్టు వచ్చిందని సంబరపడ్డాం. అదే ఏడాది ఢిల్లీ జట్టును ఎత్తుకెళ్ళి భువనేశ్వర్‌లో పెట్టి ఒడిశా ఎఫ్‌సీ అన్నారు. ఇప్పుడు ఢిల్లీకి జట్టు లేదని మనది పట్టుకుపోయారు. మధ్యలో ఈ జట్టు ఏం సాధించిందో మరచిపోతారా? 2022 మార్చి 20న గోవా ఫటోర్డాలో బ్లాస్టర్స్‌తో ఫైనల్. పెనాల్టీ షూటౌట్‌లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. ఐఎస్ఎల్ కప్పు మొదటిసారి తెలుగు నేలకు వచ్చింది. రెండేళ్ళు తిరక్కముందే జీతాలు అందడం లేదన్న గొడవలు, విదేశీ ఆటగాళ్ళు వెళ్ళిపోవడం, కొత్తవాళ్ళను తీసుకోకుండా ఫిఫా నిషేధం. 2023-24లో పట్టికలో అట్టడుగు. 2024లో యాజమాన్యం మారింది, 2025లో ఊరే మారింది. పసుపు చొక్కాలు వేసుకుని గచ్చిబౌలి గ్యాలరీలో గొంతు చించుకున్న డెక్కన్ లీజియన్ అభిమాన సంఘం కుర్రాళ్ళు ఇప్పుడు ఎవరిని పిలిచి అరవాలి?

కంపెనీ తన ఆస్తిని తను అమ్ముకోవచ్చు, మార్చుకోవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. కానీ ఆ ఆస్తికి విలువ ఎక్కడి నుంచి వచ్చింది? ఊరి పేరు నుంచి, టిక్కెట్టు కొన్నవాడి నుంచి, సర్కారు ఇచ్చిన స్టేడియం నుంచి వచ్చింది. గచ్చిబౌలి స్టేడియం ప్రజల డబ్బుతో కట్టింది. 2002 జాతీయ క్రీడలు, 2003 ఆఫ్రో ఏషియన్ క్రీడలు అక్కడ జరిగాయి. 2024 సెప్టెంబరులో ఇంటర్ కాంటినెంటల్ కప్, డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ కూడా అక్కడే. అలాంటి మైదానంలో ఒక కంపెనీ జట్టు ఆడుతున్నప్పుడు, సీజన్ అయిపోగానే మూట కట్టుకుపోకుండా ఏ షరతు రాసుకున్నారు? రాసుకుంటే ప్రజలకు చూపించండి. లేకపోతే ఎందుకు రాసుకోలేదో చెప్పండి.

హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు కొత్త ఊరు కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన తయారుచేసిన భారత జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. సికింద్రాబాద్ అమ్ముగూడలో పెరిగిన తులసీదాస్ బలరాం ఆ రెండు జట్లలోనూ ఉన్నారు. ఆయన 2023లో పోయినప్పుడు కూడా మన పేపర్లలో చిన్న వార్తే, అది మీ పత్రికకూ వర్తిస్తుంది. ఆ రోజుల్లో ఆటగాడికి పోలీసులోనో రైల్వేలోనో ఉద్యోగం ఉండేది. జట్టు ఎక్కడికీ పోదు, రిటైరయ్యేదాకా జీతం వస్తుందన్న ధైర్యం ఉండేది. ఇప్పుడు ఆ ఉద్యోగాలు అంత తేలిగ్గా దొరకవు. ఇక మిగిలింది కంపెనీ జట్లే, అవి కూడా రాత్రికి రాత్రి మాయమైతే పిల్లవాడు ఏ నమ్మకంతో బంతి పట్టుకోవాలి?

మా బడిలో చదివిన ఒక కుర్రాడి సంగతి చెబుతాను. తండ్రి చేపల రేవులో పడవ మీద పని చేస్తాడు. పిల్లవాడిది ఎడమకాలు, కార్నర్ కొడితే బంతి వంపు తిరిగి గోల్‌పోస్టు ముందు వాలుతుంది. స్కూల్ గేమ్స్ (ఎస్‌జీఎఫ్)లో రాష్ట్రస్థాయి పోటీలు ఆడాడు. బూట్లు వాళ్ళ అన్నయ్యవి, ఒక సైజు పెద్దవి. బొటనవేలు దగ్గర చెప్పులు కుట్టేవాడితో అతుకు వేయించి, ముందు పాత గుడ్డ కుక్కుకుని ఆడేవాడు. ఇంటర్ అయ్యాక ఎక్కడ ఆడాలో చెప్పమన్నాడు. మా ఊళ్ళో రెండో అంచె లీగ్ జట్టు ఒకటి ఉండి ఉంటే దాని అండర్-17కో, అండర్-19కో పంపేవాణ్ణి. ఇప్పుడు బండి మీద తిండి పొట్లాలు ఇళ్ళకు చేరవేస్తున్నాడు.

మైదానాల సంగతి చెప్పాలంటే నాకు బీపీ పెరుగుతుంది. మేము ప్రాక్టీసు చేసే మైదానాన్ని ఏటా బాణసంచా దుకాణాలకు ఇస్తారు. ఈ ఏడూ ఇచ్చారు. పండగైన మర్నాడు పిల్లల చేత మేకులు, రేకు ముక్కలు, గాజు పెంకులు ఏరించాను. ఒకడికి అరికాల్లో మేకు దిగి టీటీ ఇంజక్షన్ చేయించాల్సి వచ్చింది. షామియానా గుంజల గుంతలు ఇంకా పూడ్చలేదు. ఆ తర్వాత ఎగ్జిబిషన్, ఆ తర్వాత ఏదో ఒక పార్టీ సభ. అధికారిని కలిస్తే ఫైలు పైన ఉందంటాడు. పైవాడిని కలిస్తే కింద నుంచి రాలేదంటాడు. ఇలాంటి ఊళ్ళో ఏ కంపెనీ మాత్రం జట్టు పెడుతుంది?

విశాఖలో జనం రారు అనే మాట మాత్రం ఒప్పుకోను. 2025 ఆగస్టు 29న కబడ్డీ లీగ్ ఇక్కడే మొదలైంది, తెలుగు టైటాన్స్‌ను చూడ్డానికి జనం గుంపులు కట్టుకుని వచ్చారు. ఆ అక్టోబరులోనే మహిళల క్రికెట్ ప్రపంచకప్ మ్యాచ్‌లకు ఆడపిల్లలు అమ్మానాన్నలను లాక్కొచ్చి మరీ కూర్చున్నారు. స్టాండ్లకు క్రికెటర్లు మిథాలీ రాజ్, రావి కల్పన పేర్లు పెట్టారు, చాలా సంతోషం.

అయితే క్రికెట్‌లోనూ ఇదే జబ్బు. ఆంధ్రా ప్రీమియర్ లీగ్‌లో 2025లో ఏడు జట్లు. భీమవరం బుల్స్, కాకినాడ కింగ్స్, అమరావతి రాయల్స్ అని ఊళ్ళ పేర్లు పెట్టారు. ఆటలు విశాఖలోనే. తుంగభద్ర వారియర్స్ కప్పు గెలిస్తే కర్నూలు జనం ఫోన్లో చూసుకున్నారు. భీమవరం కుర్రాడు తన ఊరి జట్టును తన ఊళ్ళో ఒక్కసారైనా చూడకపోతే ఆ పేరు ఎందుకు పెట్టినట్టు? కడపలో మైదానం ఉంది. అనంతపురం ఆర్‌డీటీ మైదానంలో 2024లో దులీప్ ట్రోఫీయే ఆడారు. తలా ఒకటి రెండు మ్యాచ్‌లు పంచడానికి అడ్డేమిటి?

ఇంగ్లండ్‌లో వింబుల్డన్ ఫుట్‌బాల్ జట్టును 2003లో యాజమాన్యం వేరే ఊరికి పట్టుకుపోయింది. అభిమానులు అంతకు ముందు ఏడాదే చందాలు వేసుకుని సొంతంగా కొత్త జట్టు పెట్టి, తొమ్మిదో అంచె లీగ్ నుంచి ఎక్కుతూ వచ్చి, 2020లో తమ పాత వీధిలోనే స్టేడియం కట్టుకున్నారు. మన దగ్గర అంత డబ్బు, అంత సంఘబలం ఇప్పట్లో రావు. అందుకే ప్రభుత్వం ముందుండాలి.

ఏ కంపెనీ అయినా తెలుగు ఊరి పేరుతో జట్టు పెట్టి, సర్కారు మైదానమో స్థలమో తీసుకుంటే, ఆ ఒప్పందాన్ని బయటపెట్టాలి. సొంత మ్యాచ్‌లలో సగమైనా ఆ ఊళ్ళోనే ఆడాలి. జిల్లా పిల్లలతో అండర్-13, అండర్-15 జట్లు, ఆడపిల్లలకు ఒక జట్టు తప్పనిసరి చేయాలి. వెళ్ళిపోవాలంటే ఏడాది ముందు చెప్పి, పిల్లల అకాడమీని స్థానిక సంఘానికి అప్పగించి వెళ్ళాలి. శ్రీనిధి దక్కన్ యాజమాన్యానికి కూడా ఒక మనవి. ఏడాదికి రెండు మ్యాచ్‌లు, ఒక సెలక్షన్ క్యాంపు విశాఖలో పెట్టండి. పిల్లలను తీసుకొచ్చే బాధ్యత వ్యాయామోపాధ్యాయులం మేము తీసుకుంటాం.

ఇక క్రీడాశాఖకు. గడ్డి, లైట్లు, డ్రెస్సింగ్ రూములు ఉన్న ఫుట్‌బాల్ మైదానం విశాఖలో ఏ తేదీకి సిద్ధం చేస్తారు? దాన్ని బాణసంచా దుకాణాలకు, సభలకు ఇవ్వబోమని ఏ అధికారి సంతకం పెడతారు? జవాబును మీ పత్రికలోనే ఇవ్వాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక వ్యాయామోపాధ్యాయుడు,
విశాఖపట్నం