మంచి యంత్రానికీ ఎందుకు దారి దొరకదు?

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి మనసులో నీతో వాదిస్తూనే ఉన్నాను. పనికొచ్చే సాంకేతికతను ఎవరూ ఆపలేరని ఎంత ధీమాగా రాశావు! నేను ఒప్పుకోను. అది వస్తే ఎవరికి లాభం, ఎవరికి నష్టం, ఆ నిర్ణయం ఎవరి చేతిలో ఉంది అన్నవే దాని గతిని తేలుస్తాయి.

సోవియట్ ఫ్యాక్టరీ మేనేజరు కుర్చీలో కూర్చుని ఆలోచించు. ఈ ఏడాది ఇంత సరుకు తీయాలని పైనుంచి లక్ష్యం వస్తుంది. అందుకుంటే బోనసు, తప్పితే సంజాయిషీ. కొత్త యంత్రం బిగించాలంటే కొన్నాళ్లు పని ఆపాలి, ఆలోగా లక్ష్యం చేజారుతుంది. పోనీ, అన్నీ కలిసొచ్చి ఉత్పత్తి పెరిగిందే అనుకో, వచ్చే ఏడాది లక్ష్యాన్నీ ఆ మేరకు పెంచేస్తారు. ఇంక ఆయన పాత యంత్రంతోనే నెట్టుకొస్తే తప్పుపట్టగలమా? ప్రతిభకు కొదవలేదు సుమా, 1957లో స్పుత్నిక్ ఉపగ్రహాన్ని అంతరిక్షంలోకి పంపిన దేశమది!

కీవ్‌లో పనిచేసిన సోవియట్ కంప్యూటర్ శాస్త్రవేత్త విక్టర్ గ్లుష్కోవ్ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది. దేశంలోని ఫ్యాక్టరీలనూ ప్రణాళికా కార్యాలయాలనూ కంప్యూటర్ నెట్‌వర్క్‌తో కలపాలని 1962లోనే ప్రతిపాదించాడు. 1970లో అది పార్టీ అత్యున్నత నిర్ణాయక మండలి అయిన పొలిట్‌బ్యూరో ముందుకు వచ్చేసరికి ఆర్థిక మంత్రి అడ్డుపడ్డాడు. ఆ నెట్‌వర్క్‌తో గణాంకాల శాఖ చేతికి అంత పెత్తనం వెళ్లడం ఆయనకు మింగుడుపడలేదు. పథకం కుంచించుకుపోయింది. చివరికి ఏ శాఖకు ఆ శాఖ, ఒకదానితో ఒకటి పొసగని వ్యవస్థలు కట్టుకుంది. అన్నీ ప్రభుత్వానివే అయిన చోట కూడా శాఖల మధ్య ఇంత పోరు!

మార్కెట్ ఉంటే అన్నీ సవ్యంగా జరుగుతాయంటావేమో. బ్రిటన్‌లో 1865 చట్టం ప్రకారం యంత్రపు బండికి ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని నడవాలి. వేగం పట్టణంలో గంటకు 2 మైళ్లు, బయట 4. తేలికపాటి బండ్లకు ఆ కట్టుబాట్లు సడలింది 1896లో. అదే దేశంలో 1812లో, మేజోళ్లు అల్లే యంత్రాలను పగలగొడితే మరణశిక్ష విధించేలా చట్టం చేశారు. ఆ కార్మికులను మూర్ఖులనడం నాకు నచ్చదు. యంత్రంతో లాభం యజమానిది, కూడు పోయేది వాళ్లది. పోయిన కూలికి పూచీపడేవాళ్లు లేనప్పుడు సుత్తి ఎత్తడం తప్ప వాళ్లకు ఏ దారి మిగిలింది?

కెన్యాలో 2007లో ఎం-పెసా అనే ఫోను డబ్బు సేవ వచ్చినప్పుడు మాత్రం కేంద్ర బ్యాంకు మరోలా నడుచుకుంది. ఒక ఫోను కంపెనీ డబ్బు పంపే సేవ మొదలుపెడతానంటే, నిబంధనలన్నీ సిద్ధమయ్యేదాకా ఆగమనలేదు. ఖాతాదారుల సొమ్ము బ్యాంకులో విడిగా ఉండేలా చూసి అనుమతించింది. బ్యాంకు ఖాతా లేనివాళ్లు కూడా ఫోనులోనే డబ్బు పంపుకోగలిగారు.

నీ వాదనకు ఇంకా బలముందనుకుంటే వెంటనే జవాబు రాయి. గ్లుష్కోవ్ నెట్‌వర్క్ ఎందుకు నిలబడలేదో మాత్రం తప్పించుకోకుండా చెప్పాలి.

నీ మిత్రుడు