మావయ్య జనతా మళ్లీ తిరుగుతోంది

ఒరేయ్ బావా,

మావయ్య పాత హెచ్‌ఎంటీ జనతా, అదే కీ ఇచ్చే చేతి వాచీ, ఆగిపోయిందంటే "కీ ఎక్కువ తిప్పేసుంటారు, స్ప్రింగు తెగిపోయుంటుంది, ఇక దాన్ని అటక మీద పడెయ్" అని ఫోనులో తేల్చి పారేశావు కదా! తెగలేదురా. స్ప్రింగు తెగితే కీ ఎంత తిప్పినా బిగవదు, ఊరికే తిరుగుతూనే ఉంటుంది. మావయ్య వాచీకేమో కీ నిండా బిగిసే ఉంది, ముల్లు మాత్రం కదలదు. లోపల నూనె ఎండి జిగురైపోయింది, అంతే.

అమలాపురంలో వాచీలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గర ఇచ్చాను. కంటికి భూతద్దం తగిలించుకుని వెనక మూత తీయగానే "ఉప్పుగాలండీ ఆయ్" అన్నారు. కీ బుడిపె లోపలి కడ్డీ తుప్పు పట్టింది. మన వైపు చెమటా తేమా దూరేది అక్కడినుంచే. హెచ్‌ఎంటీ వాచీల కంపెనీ మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించాక కొత్త సామాను ఎక్కడిది? ఆయన దగ్గర పాలడబ్బా నిండా చచ్చిన వాచీలున్నాయి. అందులో గెలికి గెలికి ఒక కడ్డీ పీకి వేశారు.

విప్పడం, పెట్రోల్లో కడగడం, ఆరబెట్టడం సరే. నేను నోరు తెరుచుకుని చూసింది నూనె పెట్టడం. సూది మొన మీద కనీ కనపడనంత! డయల్ మీద 17 జ్యూయెల్స్ అని ఉంటుందే, ఆ ఎర్రరాళ్లు చక్రాల ఇరుసులు తిరిగే చోట పొదిగి ఉంటాయి. నూనె నిలవాల్సింది ఆ గుంటల్లోనే. వాచీ వేగాన్ని అదుపులో పెట్టే సన్నటి చుట్ల తీగ, అదే హెయిర్ స్ప్రింగు, దానికి మాత్రం చుక్క తగలకూడదు. తగిలిందా, చుట్లు ఒకదానికొకటి అంటుకుని వాచీ పరుగందుకుంటుంది. అయస్కాంతం పట్టినా అదే రోగం, అందుకని రాత్రి స్పీకరు పక్కన పెట్టొద్దన్నారు.

డయల్‌కి రంగేయించమంటారా అని అడిగారు. ససేమిరా అన్నాను. నెట్లో తళతళలాడుతూ అమ్మే జనతాలు చాలావరకు అలా పూత పూసినవే, నాకు వాటిని చూస్తే ఒళ్లు మంట. మచ్చలుంటే ఉన్నాయి, మావయ్య చూసిన మొహం అదే కదా. అద్దం మాత్రం మార్పించాను, ఎలాగూ అది ప్లాస్టిక్కే.

ఇప్పుడు పొద్దున్నే కాఫీ తాగి కీ ఇస్తున్నాను, బిగిసేదాకా. రోజుకి అర నిమిషం ముందుకెళ్తోంది. మా బావమరిది తన బ్యాటరీ క్వార్ట్జ్ వాచీ చూపించి ఒకటే వెక్కిరింపు. గంటకి 18,000, రోజుకి 4,32,000 టిక్కులు కొట్టేదానికి ఆ మాత్రం తేడా రాదా? అయినా గోదావరి దాటించే సఖినేటిపల్లి పంటు ఏనాడైనా సెకన్లు చూసుకుని కదిలిందా!

వానలో మాత్రం తీసి జేబులో వేసుకుంటున్నా, నీళ్లకి ఆగదు.

మీ నాన్నగారి వాచీ బీరువాలోనే ఉందన్నావుగా. సంక్రాంతికి వచ్చేటప్పుడు పట్రా. ఈలోగా కీ ఇచ్చి ఆడుతోందా లేదా అని పరీక్షలు పెట్టకు. నూనె లేకుండా తిరిగితే ఇరుసులు అరిగిపోతాయి. పండగ మూడు రోజులూ కొట్టు తీయరట, కాస్త ముందే బయల్దేరు.

నీ
బావ