న్యూయార్క్‌లో అద్దె బిల్డింగ్ కొనే మనవాళ్లకు

సంపాదకులకు నమస్కారం.

న్యూయార్క్‌లో ఏడెనిమిది ఫ్లాట్ల పాత బిల్డింగ్ కొని, ఒక దాంట్లో తాముంటూ మిగతావి అద్దెకిద్దామనుకునే మనవాళ్ల కోసం ఈ ఉత్తరం. ఆరు లేదా అంతకు మించి ఫ్లాట్లుండి 1974కు ముందు కట్టిన బిల్డింగ్ అయితే, అది మామూలుగా రెంట్ స్టెబిలైజేషన్ కిందికి, అంటే అద్దె పెంపునూ ఖాళీ చేయించడాన్నీ నియంత్రించే చట్టం కిందికి వస్తుంది. 'ముందు కొనేద్దాం, తర్వాత ఒకరిని ఖాళీ చేయించి దిగుదాం' అనే లెక్క అక్కడ పనికిరాదు.

2019 జూన్‌లో వచ్చిన చట్టం ప్రకారం సొంత నివాసానికి యజమాని తీసుకోగలిగేది మొత్తం బిల్డింగ్‌లో ఒక్క ఫ్లాటే. అదీ తక్షణ, తప్పనిసరి అవసరం ఉందని కోర్టులో రుజువు చేస్తేనే. లీజు ముగిసే తేదీకి 150 నుంచి 90 రోజుల ముందు నోటీసు అందాలి. ఆ గడువు తప్పితే కేసు మొదట్లోనే వీగిపోతుంది. అద్దెదారుకో జీవిత భాగస్వామికో 62 ఏళ్లు నిండినా, వైకల్యం ఉన్నా, ఆ బిల్డింగ్‌లో 15 ఏళ్లుగా ఉంటున్నా, దగ్గర్లోనే అంతకు తగ్గని ఫ్లాటు అదే అద్దెకు లేదా తక్కువకు చూపించాలి. ఒకే బిల్డింగ్ ఉన్న యజమానికి అది దాదాపు అసాధ్యం. దశాబ్దాలుగా అక్కడే ఉన్న పెద్దవాళ్లను కాపాడటానికి పెట్టిన నిబంధన ఇది, న్యాయమైనదే.

ఇంకో చిక్కు ఉంది. బాధ్యతలు మీద పడకుండా ఎల్ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) పేరిట కొనమని చాలామంది సలహా ఇస్తారు. కానీ ఈ సొంత నివాసపు హక్కు వ్యక్తులకే ఉంది, కంపెనీలకు లేదు. కాబట్టి ఎవరి పేరిట కొనాలో సంతకాలకు ముందే లాయరుతో తేల్చుకోండి. అంతకన్నా మేలు, ఖాళీ ఫ్లాటు ఉన్న బిల్డింగ్‌నే వెతకడం. క్లోజింగ్ రోజుకు, అంటే అమ్మకం పూర్తయి బిల్డింగ్ మీ చేతికొచ్చే రోజుకు, దాన్ని ఖాళీగా అప్పగించాలని ఒప్పందంలో రాయించుకోండి.

బ్రోకర్ ఇచ్చే అద్దెల పట్టికను నమ్మి ధర కట్టకండి. రాష్ట్ర గృహ శాఖ డీహెచ్‌సీఆర్ దగ్గరుండే ప్రతి ఫ్లాటు రెంట్ హిస్టరీని అమ్మేవారి చేత తెప్పించండి. అందులో ఏడాదికో వరస ఉంటుంది: అద్దెదారు పేరు, చట్టబద్ధ అద్దె (చట్టం ఒప్పుకునే గరిష్ఠం), నిజంగా తీసుకునే తగ్గింపు అద్దె, లీజు తేదీలు. చట్టబద్ధ అద్దె 2,400 డాలర్లు, తగ్గింపు అద్దె 1,700 అని ఉంటే, ఆ అద్దెదారు ఉన్నంతకాలం పెంపు 1,700 మీదే. ఏదైనా ఏడాది డీహెచ్‌సీఆర్‌లో అద్దె రిజిస్ట్రేషన్ లేకపోయినా, ఉన్నట్టుండి అద్దె ఎగబాకినా, ఎందుకని అడిగి కాగితాలు చూడండి. పాత యజమాని ఎక్కువ వసూలు చేసి ఉంటే ఆ బాకీ మామూలుగా కొత్త యజమాని నెత్తిన పడుతుంది. నెలకు 300 డాలర్ల చొప్పున ఆరేళ్లకు 21,600. తెలిసి చేసిందని తేలితే దానికి మూడింతలు, అంటే 64,800.

ఆదాయం కూడా మీరనుకున్నంత వేగంగా పెరగదు. 2025 అక్టోబరు నుంచి 2026 సెప్టెంబరు దాకా మొదలయ్యే లీజులకు, ఏటా పెంపు నిర్ణయించే రెంట్ గైడ్‌లైన్స్ బోర్డు ఇచ్చిన పెంపు ఏడాదికైతే 3 శాతం, రెండేళ్లకైతే 4.5 శాతం. ఖాళీ అయినప్పుడు వచ్చే 20 శాతం పెంపు 2019లోనే పోయింది. ఫ్లాటు బాగుచేయించి 30,000 డాలర్లు ఖర్చు పెట్టినా, 35 ఫ్లాట్లలోపు బిల్డింగ్‌లో దాన్ని 168తో భాగిస్తారు. నెల అద్దెకు కలిసేది దాదాపు 179 డాలర్లే. ఆరు ఫ్లాట్లను గోడ కొట్టి ఐదు చేసినంత మాత్రాన చట్టం నుంచి బయటపడలేరు. మీరుంటున్న ఫ్లాటుకూ మినహాయింపు తాత్కాలికమే, మళ్లీ అద్దెకిస్తే నియంత్రణ వస్తుంది.

బిల్డింగ్ చూడటానికి చలికాలంలో వెళ్లండి. అక్టోబరు 1 నుంచి మే 31 దాకా, బయట 55 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా తగ్గితే పగలు లోపల 68, రాత్రి బయట ఎలా ఉన్నా 62 డిగ్రీలు ఉండాలి. పై అంతస్తులో చివరి గదిలో థర్మామీటరు పెట్టి చూస్తే బాయిలర్ సంగతి తెలిసిపోతుంది.

— ఒక పాఠకుడు, క్వీన్స్, న్యూయార్క్